సింహాద్రి ఆఖరి మాట

మనిషి ఆఖరి మాట ఆమోదించిన ఇంగ్లీషు నుడికారం అయితేనే ఆ పట్టణ మునిసిపాలిటీ శ్మశానానికి చీటీ ఇస్తుంది. కాకపోతే ఆ మనిషి ఇంకా పోలేదన్నమాటే. ఈ పద్ధతి వచ్చి మూడేళ్ళయింది. ఎవరూ పెద్దగా ఇబ్బంది పడలేదు.

సామిల్లులో పనిచేసే సింహాద్రి ఉదయం ఏడింటికి పోయాడు. మధ్యాహ్నం మూడింటికి అతని భార్య నూకరత్నం ఆరో కౌంటర్ ముందు నిలబడింది. శవం ఇంటి వాకిట్లో ఉంది. కౌంటర్ ఐదింటికి మూసేస్తారు.

"ఆఖరికి ఏమన్నాడమ్మా?" అడిగాడు గుమాస్తా పరంజ్యోతి.

"పాలు పొంగుతన్నాయి, సూడే అన్నాడు బాబూ. నానెళ్ళి దించొచ్చీసరికి అయిపోనాది."

పరంజ్యోతి జాబితా తిరగేశాడు. "ఇందులో పాలు లేవమ్మా. 'కాల్ ఇట్ ఎ డే' రాద్దాం. ఇవాళ్టికి పని చాలు, ఇంటికెళ్దాం అని అర్థం."

"ఆయనలాగ అన్లేదు గదా?"

"ఎవరూ అనరమ్మా. మేమే రాస్తాం."

అయితే వాడుక నిబంధన ఒకటి అడ్డొచ్చింది. ఆ రోజు ఏదో ఒక పని చేసినవాడికే ఈ నుడికారం చెల్లుతుంది. సింహాద్రి రెండు నెలలుగా మంచం మీదే ఉన్నాడు. నాలుగున్నరైంది. పరంజ్యోతి చెడ్డవాడు కాదు. పెన్ను మూత తీసి అడిగాడు.

"పాలు ఎవరు చూస్తున్నారు? నువ్వా, ఆయనా?"

"ఆయనే బాబూ. పొయ్యి మంచానికి ఎదురుగుంటాది. రోజూ ఆయనే సూసీవోడు."

'మృతుడు ఆ రోజు చేసిన పని: పాలకు కాపలా' అని రాశాడు. రుజువుగా సింహాద్రి అన్న మాటను వేరే కాగితం మీద రాసి, ఆమె వేలిముద్ర తీసుకుని, ఫైలుకు గుచ్చాడు. రుజువులు తిరిగివ్వరు. ఆ మాటను ఇకపై ఇంట్లో ఎవరమూ వాడబోమని ఇంకో వేలిముద్ర వేయించుకున్నాడు. ఆరింటికి దహనం జరిగింది.

పదకొండో రోజు పొద్దున పదేళ్ళ కూతురు వరాలు అడిగింది. "అమ్మా, నాన ఆకరికి ఏటన్నాడే?"

నూకరత్నం తడుముకోలేదు. కౌంటర్ దగ్గర మూడుసార్లు పలికించారు.

"కాల్ ఇట్ ఎ డే."

"అంటే?"

"ఇయాల్టికి పని సాలు, ఇంటికెల్దాం అని."

"ఇంట్లోనే ఉన్నాడు గదే?"

నూకరత్నం తల తిప్పింది. ఎదురుగా పొయ్యి మీద పాలు పొంగి కారుతున్నాయి. తల్లీ కూతుళ్ళిద్దరూ చూస్తూ కూర్చున్నారు. అనవలసిన మాట ఫైల్లో ఉంది.