పెద్దాయన్ని తీసేయండి

ఇంట్లోనూ ఆఫీసులోనూ ఇకనుంచి మంచి నాయకుడిగా మాట్లాడాలని ప్రింటింగ్ ప్రెస్సు మేనేజరుగారు ఆ పొద్దున కాఫీ తాగుతూ నిశ్చయించుకున్నారు. ముందురోజు శిక్షణ తరగతిలో ఆయనకు ఒంటబట్టిన సూత్రం ఒక్కటే: ఏదైనా మూడు ముక్కల్లో చెప్పాలి. అంతవరకూ మంచినీళ్లు అడగాలన్నా ఆయనకు ముప్పై ముక్కలు పట్టేవి.

"సాయంత్రం తొందరగా వస్తారా?" అంది భార్య.

"వస్తాను. చూస్తాను. చెప్తాను."

"ఇంతకీ వస్తారా, రారా?" అనేలోపే ఆయన చెప్పులేసుకున్నారు.

ప్రెస్సులో పెద్దాయనలు ఇద్దరు. ఒకటి కాగితాలు కోసే పాత మిషను. మెకానిక్కు పెట్టిన ముద్దుపేరది. రెండోవారు ప్రూఫులు దిద్దే డెబ్భై ఏళ్ల మనిషి, మేనేజరుగారికి సాక్షాత్తు పిల్లనిచ్చిన మామ. భార్య పోయాక ఆ ముసలాయనకు మిగిలిన తోడల్లా ఆ ఎర్రకలమూ ఆ పనీ.

మేనేజరుగారు దారిలోంచి మెకానిక్కు కోసం ప్రెస్సుకి ఫోన్ చేస్తే గుమాస్తా ఎత్తాడు. ఎవరని అడిగితే నాలుగో ముక్క అవుతుందని ఈయన అడగలేదు.

"పెద్దాయన్ని మధ్యాహ్నంలోగా తీసేయండి."

"అయ్యో, ఎందుకండీ?"

"చప్పుడెక్కువ. పని తక్కువ."

గుమాస్తా నసుగుతూ ఆ ముక్కలే పెద్దాయనకు చెప్పాడు. మామగారు ఎర్రకలం బల్లమీద పెట్టి కూతురింటికి నడిచి వెళ్లిపోయారు.

పదకొండింటికి మేనేజరుగారికి భార్య నుంచి ఫోను. "పెద్దాయన్ని తీసేయమన్నది మీరేనా?"

తన దక్షత ఇంటిదాకా పాకిందని ఆయన ఉబ్బిపోయారు. "నేనే. ఆలస్యమైంది. పీడాపోయింది."

అవతల భార్య ఫోను ఠక్కున పెట్టేసింది.

ఆయన ప్రెస్సుకి వెళ్లేసరికి పాత మిషను దర్జాగా అక్కడే ఉంది. మామగారి కుర్చీ ఖాళీ. గుమాస్తా జరిగింది చెప్పాడు.

"నేనన్నది మిషన్నయ్యా!"

"మిషనని మీరు అన్లేదు కదండీ!"

భార్య మళ్లీ ఫోను ఎత్తితే ఒట్టు. సిగ్గుతో చచ్చినంత పనై, ఆయన స్వయంగా పేజీడు క్షమాపణ టైపు చేసి, మంచి కాగితం మీద అచ్చు తీయించారు. ప్రూఫు చూసేవాళ్లెవరూ లేరు. ఉన్న ఒక్కరినీ ఆయనే తీసేశారు.

ఇంటికెళ్లి ఇస్తే, ఆ కాగితం అందుకుని మామగారు చదువుతుంటే, కూతురు భుజం మీంచి తొంగిచూసి భగ్గుమంది.

"'మామగారూ, మీరు మా ప్రెస్సుకి జ్వరం.' ఏమండీ, మా నాన్న మీకు జ్వరమా?"

"వరం! వరమనే రాశానే!"

మామగారు జేబు తడుముకున్నారు. మేనేజరుగారు తాను వెంట తెచ్చిన ఎర్రకలాన్ని రెండు చేతులా అందించారు. ముసలాయన చేతిలోకి కలం రాగానే మొహంలోకి ప్రాణం వచ్చింది.

"ఇక్కడ ఈ 'జ' తీసేయండి. ఇంకా పదకొండు తప్పులున్నాయి, రేపు పొద్దున్నే ప్రెస్సుకొచ్చి చూస్తాను."

మేనేజరుగారి కళ్లు చెమర్చాయి. అలవాటు కొద్దీ మూడే ముక్కలు వచ్చాయి: "తప్పయింది. తప్పయింది. తప్పయింది."

"ఒకటి చాలు," అన్నారు మామగారు కలం ఎత్తి, "మిగతా రెండూ తీసేయండి."