మొగిలయ్యకు పిట్ట ముట్టలేదు

ఆ ఆదివారానికి ఉమామహేశ్వర్ వేసుకున్న కార్యక్రమం చాలా చిన్నది. ఇడ్లీలు తినాలి, ఉప్పల్ వెళ్ళి జుట్టు కత్తిరించుకోవాలి, వస్తూ వస్తూ భార్య సూర్యకళ మిక్సీ జార్‌కు బ్లేడు మార్పించుకుని రావాలి. పన్నెండింటికల్లా ఇల్లు చేరితే ఆపైన నిద్ర. ఇరవై ఏడు వారాల తర్వాత దొరికిన మొదటి ఖాళీ ఆదివారం కాబట్టి ఇంతకంటే పెద్ద ఆశలేమీ పెట్టుకోలేదు పాపం.

ఉమామహేశ్వర్ నాచారంలో ఒక రంగుల ఫ్యాక్టరీలో గుమస్తా. ఆదివారాలు మాత్రం రచయిత. రెండు వేల ఆరులో ఒక వారపత్రిక అతని నవలను సీరియల్‌గా వేసుకుంది. పేరు ‘వంటింటి వెనక ఆఫీసు’. అందులో మొగిలయ్య అనే మామూలు మనిషి ఒకరోజు పొద్దున్నే లేచి చూస్తే వంటింటి గోడకు కొత్తగా ఒక తలుపు ఉంటుంది. తీస్తే అవతల అతని ఆఫీసు. బస్సు బాధ తప్పిందని సంతోషించేలోపే ఆఫీసర్ ఆ తలుపులోంచి ఫైలు పట్టుకుని వంటింట్లోకి రావడం మొదలుపెడతాడు. మొగిలయ్య కంచం ముందు కూర్చున్నాడంటే చాలు, తలుపు చప్పుడవుతుంది. ఇలా ఇరవై ఏడు వారాలు నడిచింది. ఒక్క పాఠకుడు కూడా ఒక్క కార్డు ముక్క రాయలేదు. సూర్యకళ పత్రిక తెరిచేది వారఫలాల కోసం.

చివరికి ఎడిటర్ గారు ఫోన్ చేసి ఒక్క వారంలో తేల్చేయమన్నారు. ఎలా తేల్చాలో తోచక ఉమామహేశ్వర్ తన వంటింట్లోకి చూశాడు. అక్కడ చెమ్మ పట్టిన గోడకు మేస్త్రీ సిమెంటు పూస్తున్నాడు. అంతే, దారి దొరికింది. మొగిలయ్య తలుపు మధ్యలో ఉండగా మేస్త్రీ వచ్చి అటూ ఇటూ గోడ కట్టేశాడు. ఇంట్లోవాళ్ళు ఆఫీసులో ఉన్నాడనుకున్నారు, ఆఫీసులోవాళ్ళు ఇంట్లో ఉన్నాడనుకున్నారు. సమాప్తం. ఆ సంచిక శుక్రవారం బజారులోకి వచ్చింది. ఆదివారానికల్లా రచయితగారు మొగిలయ్యను మరిచిపోయారు కూడా.

ఇడ్లీ తుంచబోతుండగా మానస పైకి వచ్చింది. కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు ఉప్పలమ్మకు మనవరాలు, ఇంటర్ చదువుతోంది. నాయనమ్మ రమ్మంటోందనీ, ఏమీ తినకుండా రమ్మందనీ చెప్పింది. పోయిన నెల మోటారు కాలినప్పుడు కూడా ఇంత గంభీరంగా పిలవలేదే అనుకుంటూ ఉమామహేశ్వర్ కిందికి దిగాడు.

ఉప్పలమ్మ తలంటుకుని, వాకిట్లో పీట వేసుకుని కూర్చుంది. ఎదురుగా విస్తరి. విస్తట్లో వంకాయ కూర, పులిహోర, గారెలు, పచ్చిపులుసు, సేమ్యా పాయసం.

"శుక్రారం మొగిలయ్య పాయె గద సారూ. ఇయ్యాల మూడో దినం. పిట్టకు వెట్టాలె," అంది.

పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి మూడో నాడు గోడ మీద పెడతారు. కాకి వచ్చి ముడితే పోయిన మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. ఇదంతా ఉమామహేశ్వర్‌కు తెలుసు. మొగిలయ్య ఎవరో మాత్రం గుర్తుకు రాలేదు. ఫ్యాక్టరీలో వాచ్‌మనా? పాలవాడి తండ్రా? మానస పక్కనుంచి పత్రిక తెరిచి ముప్పై రెండో పేజీ చూపించాక గానీ విషయం బుర్రకెక్కలేదు.

ప్రతి శుక్రవారం సాయంత్రం మానస చదువుతుందట, ఉప్పలమ్మ వింటుందట. మొన్న ఆఖరి వారం విన్న తర్వాత టీవీ పెట్టలేదు, అన్నం ముట్టలేదు. విస్తట్లోవన్నీ మొగిలయ్య తినబోయి తినలేకపోయినవే. వంకాయ కూర ఏడో వారంలో, గారెలు పద్నాలుగో వారంలో, పాయసం ఇరవయ్యో వారంలో. రాసినవాడికే గుర్తులేదు, విన్నావిడకు వరసగా గుర్తున్నాయి.

ఉమామహేశ్వర్ విస్తరి వైపూ ఆవిడ వైపూ మార్చి మార్చి చూశాడు. ఇరవై ఏడు వారాలు పోస్ట్‌మ్యాన్ కోసం గేటు దగ్గర కాపలా కాశాడు. తన పాఠకురాలు ఆ గేటు పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటోందని ఎవరు మాత్రం అనుకుంటారు? బుద్ధున్న మనిషైతే, మామ్మగారూ ఇది కథండీ అని చెప్పి ఉప్పల్ బస్సెక్కేవాడు. సంతోషం పట్టలేని మనిషి కాబట్టి, నన్నేం చేయమంటారు అని అడిగాడు.

"కన్నోడివి నువ్వే, సంపినోడివి నువ్వే. కార్యం ఇంకెవరు జేస్తరు?" అంది ఉప్పలమ్మ.

విస్తరి మేడమీదికి చేరింది. ఉమామహేశ్వర్ వాటా ముందున్న డాబా పిట్టగోడ మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఉప్పలమ్మకు కుర్చీ వేశారు. రోజూ ఆ డాబా మీద వడియాలు ఎండబెట్టుకోవాలంటే సూర్యకళ కర్ర పట్టుకుని కూర్చోవాలి, అన్ని కాకులు. ఆ రోజు ఒక్కటంటే ఒక్కటి రాలేదు. అరగంట గడిచింది. ఎదురుగా కరెంటు తీగ మీద రెండు వాలాయి గానీ, ముక్కులు తుడుచుకుని అటు తిరిగి కూర్చున్నాయి.

ఉప్పలమ్మ అప్పుడు ప్రకటించింది. పిట్ట ముట్టేదాకా తాను మెతుకు ముట్టదు, షుగరు గోలీ వేసుకోదు.

సూర్యకళ మిక్సీ జార్‌తో సహా బయటికి వచ్చి భర్తను పక్కకు లాగింది. "మామ్మగారికి డెబ్భై రెండేళ్ళండీ. కళ్ళు తిరిగి పడిపోతే ఏం చేస్తారు? ఇంకో సీరియల్ రాస్తారా?"

ఆ మాటతో ఉమామహేశ్వర్‌కు నిజంగా భయం వేసింది. ఉన్నది ఒక్క పాఠకురాలు. ఆవిడ కూడా తన కథ మూలంగానే పస్తుండి పోతే? కోరిక మిగిలిపోతే తీరుస్తామని మాటివ్వడం ఆనవాయితీ కదా అని గుర్తొచ్చి, కరెంటు తీగకేసి చూస్తూ గట్టిగా చెప్పాడు. నీ భార్యను బాగా చూసుకుంటాం మొగిలయ్యా, నీ కూతురి చదువు మేం చూస్తాం.

కాకులు కదల్లేదు. మానస మెల్లగా దగ్గింది.

"అంకుల్, ఆయనకు బిడ్డ లేదు. పదకొండో వారంల కొడుకన్నరు. పంతొమ్మిదో వారంల అసలు లగ్గమే కాలేదన్నరు."

"గందుకె ముడుతలేదు," అని ఉప్పలమ్మ నిట్టూర్చింది.

ఇంతలో ఎదురింటి శాంతాబాయి తన డాబా మీద బట్టలు ఆరేస్తూ విస్తరి చూసింది. ఎవరు పోయారని అడిగింది. మొగిలయ్య అని ఉప్పలమ్మ చెప్పింది. ఏ మొగిలయ్య? మేడమీది సారు మనిషి. ఎలా పోయాడు? సారే గోడలో పెట్టి మూసేశాడు. శాంతాబాయి చేతిలో చీర కింద వీధిలో పడింది. ఆమె కూడా ఇంచుమించు అంత వేగంగానే వీధిలోకి దిగింది. పావుగంటలో గేటు ముందు ముప్పైమంది చేరారు. వాళ్ళ మధ్యలోంచి కానిస్టేబుల్ బాలరాజు దారి చేసుకుంటూ పైకి వచ్చాడు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు. అప్పటిదాకా అతని చేతికి వచ్చినవన్నీ సైకిలు దొంగతనాలే కాబట్టి మహా ఉత్సాహంగా ఉన్నాడు.

ఉమామహేశ్వర్‌కు ఒక గుమస్తా జబ్బుంది. అధికారి అడిగిన దానికి అడిగినంత మేరకే జవాబు చెబుతాడు.

"మొగిలయ్య మీకు తెల్సా సార్?"

"నా మనిషేనండి."

"ఎవరు సంపిన్రు?"

"నేనేనండి. కానీ నా ఇష్టంతో కాదండి. ఎడిటర్ గారు ఒక్క వారంలో తేల్చేయమన్నారు."

"శవం ఏది?"

"వంటింటి గోడలో ఉంటుందండి," అనేసి, నాలిక కరుచుకుని, అదంతా కథండీ అన్నాడు. దొరికిన ప్రతివాడూ ముందు ఇదే మాట అంటాడని బాలరాజుకు ట్రైనింగులోనే చెప్పి ఉన్నారు.

బాలరాజు వంటింట్లోకి నడిచాడు. గోడకు కొత్త సిమెంటు, తడి ఇంకా ఆరలేదు. వేళ్ళతో కొట్టి చూస్తే డొల్లగా మోగింది. ఆ మేస్త్రీ పని అలాంటిది. పక్కన కడుతున్న ఇంటి నుంచి ఎవరో గడ్డపార అందించారు. సూర్యకళ గోడకు అడ్డంగా నిలబడి, ఈ గోడకు పదిరోజులు వంట మానేసి నీళ్ళు కొట్టానని చెప్పింది. చట్టం ముందు నీళ్ళు నిలబడవు కదా. ఆమెను పక్కకు జరిపి బాలరాజు ఒక్క పోటు పొడిచాడు. మేస్త్రీ పనితనం వల్ల రెండో పోటు అవసరం రాలేదు. రెండు ఇటుకలు అవతలి డాబా మీద పడ్డాయి. కంచమంత కన్నం ఏర్పడింది.

శవం ఉందేమోనని బాలరాజు కన్నంలో తల పెట్టాడు. అవతల డాబా మీద అతని వెనకే మేడెక్కిన జనం, వాళ్ళలో శాంతాబాయి, కుర్చీలో ఉప్పలమ్మ. గోడలోంచి సిమెంటు దుమ్ముతో తెల్లగా ఒక మొహం బయటికి రావడం చూసి ఆవిడ రెండు చేతులూ జోడించింది.

"వచ్చినవా మొగిలయ్యా," అంది. శాంతాబాయి కుర్చీ వెనక్కి పోయి నక్కింది.

శవం లేదు. శవం లేకపోయినా కుట్ర ఉండొచ్చు కదా. బాలరాజు దుమ్ము కూడా తుడుచుకోకుండా ఉమామహేశ్వర్ సెల్‌ఫోన్ తీసుకుని ఎడిటర్ గారి నంబరు కలిపి, అందరికీ వినపడేలా స్పీకరు పెట్టాడు. పోలీసునని చెప్పి, మొగిలయ్యను తేల్చేయమన్నది మీరేనా అని సూటిగా అడిగాడు. ఇక్కడ మూడో దినం జరుగుతోందనీ, ఒక ముసలమ్మ అన్నం మానేసి కూర్చుందనీ, వీధిలో జనం లేచారనీ కూడా చెప్పాడు.

అవతలనుంచి ఎడిటర్ గారి గొంతు బాగా సన్నగా వచ్చింది.

"నేను చంపమనలేదండీ. ముగించమన్నానంతే. అంత కష్టం కలిగితే బతికించేయమనండి. వచ్చే వారం నుంచే బతికించమనండి. ఎన్ని వారాలు కావాలంటే అన్ని వారాలు వేసుకుంటాం. మా ఆఫీసుకు మాత్రం ఎవరూ రావొద్దండీ."

అప్పటికి బాలరాజుకు ఏదో తేడా కొట్టింది. మానస పత్రిక అతని చేతిలో పెట్టింది. ముప్పై రెండో పేజీ నిలబడే చదివాడు. చదివి, టోపీ తీసి, తల గోక్కుని, పాత వారాలు ఉన్నాయా అని మానసను రహస్యంగా అడిగాడు.

"ఇన్నవ్ గద సారూ. ఇగ వానికి మాటియ్యి," అంది ఉప్పలమ్మ.

ఉమామహేశ్వర్ పిట్టగోడ దగ్గరికి వెళ్ళాడు. "మొగిలయ్యా, వచ్చే వారం గోడలోంచి బయటికొస్తావు. కూర్చుని కడుపునిండా తింటావు. నువ్వు చేయి కడుక్కునేదాకా ఆఫీసర్ రాడు. నాదీ పూచీ."

ఉప్పలమ్మ లేచి, చెంగు సర్దుకుంటూ విస్తరిని ఒకసారి సవరించి వెనక్కి జరిగింది. నిమిషం తిరక్కుండా ఒక కాకి వాలింది. దాని వెనక నాలుగు, ఆ వెనక లెక్కలేనన్ని. వీధిలో జనం అంతా హమ్మయ్య అనుకున్నారు. అసలు ఎవరు పోయారో తెలియనివాళ్ళు కూడా అనుకున్నారు. వండినవి మిగిలి ఉన్నాయి కాబట్టి ఉమామహేశ్వర్ గేటు లోపలున్నవాళ్ళందరికీ పులిహోర వడ్డించాడు. బాలరాజు డాబా మెట్ల మీద కూర్చుని ఒకటో వారం తెరిచి గారెలు తిన్నాడు.

జనం పోయాక ఉమామహేశ్వర్ స్వయంగా కంచంలో అన్నం పెట్టుకుని, షుగరు గోలీ పట్టుకుని కింద వాటాకు వెళ్ళాడు. పొయ్యి పక్కన మూకుడులో జొన్నరొట్టె ముక్క ఒకటి మిగిలి ఉంది. మానస గిన్నెలు తోముతూ అతని చూపును పట్టేసింది.

"గోలీ పొద్దుగాల్నే వేసుకుంది అంకుల్. మూడు రొట్టెలు తిన్నంక," అని చెప్పి నవ్వింది. మిగతాది కూడా చెప్పింది. తెల్లవారకముందే ఇద్దరూ వెనక గోడ మీద బుట్టెడు అన్నం పోసి ఆ చుట్టుపక్కల కాకులన్నిటికీ కడుపు నింపేశారు. చివర్లో చెంగులోంచి విస్తట్లోకి జారింది ఎండుచేప. దానికి మాత్రం ఎంత కడుపు నిండిన కాకైనా ఆగలేదట.

ఉమామహేశ్వర్ కంచంతో లోపల కూర్చున్న ఉప్పలమ్మ దగ్గరికి నడిచాడు. కోపం తెచ్చుకుందామని చూశాడు గానీ రాలేదు. ఇదంతా కథేనని మీకు ముందే తెలుసా మామ్మగారూ అని అడిగాడు.

"ఎర్కనే బిడ్డా. సచ్చుడు కథనే. ఆకలి గూడ కథనేనా? ఇరవై ఏడు వారాలు కంచం ముంగట కూసోవెట్టి లేపినవు. మనిషన్నోడు గట్ల జేస్తడా?"

అతను కంచం ఆవిడ ముందు పెట్టి, ఈ మాట ఒక్క కార్డు మీద రాసి పడేసి ఉంటే సరిపోయేది కదండీ అన్నాడు.

"నాకు రాయరాదు సారూ," అంది ఉప్పలమ్మ, కంచంలోంచి అతని కోసం ముద్ద కలుపుతూ. "గందుకె కాకులతోని రాయించిన."

ఉమామహేశ్వర్‌కు కళ్ళు తిరిగాయి గానీ అది ఆకలి వల్ల. పొద్దుటినుంచీ ఆ ఇంట్లో నిజంగా పస్తున్నది అతనొక్కడే. ఆ ముద్ద తిని, ఇంకా నాలుగు తిని, మేడెక్కి రాయడానికి కూర్చున్నాడు. ఆ వారం భాగమంతా మొగిలయ్య భోజనమే. మొదటిసారి సూర్యకళ కూడా చదివి, పచ్చిపులుసులో ఉప్పు తక్కువ పడిందని చెప్పింది.

మరుసటి ఆదివారం వంటింటి కన్నం పూడ్చడానికి మేస్త్రీ వచ్చాడు. సిమెంటు కలిపేముందు లోపలికి ఒకసారి తొంగి చూసి, ఎవరన్నా ఉన్నారేమో పిలవమని ఉప్పలమ్మ కింది నుంచే కేకేసి చెప్పింది.