మూడు చరణాల పాట

సోమవారం పొద్దున వెర్లిన్ స్టిడమ్ అనుకున్నది చిన్న పని. కోళ్లకి గింజలు చల్లాలి. మొక్కజొన్న రొట్టె ముక్క ఒకటి గుడ్డలో చుట్టుకోవాలి. వాగు వెంట రెండు మైళ్లు నడిచి పాత బడికి వెళ్లాలి. అక్కడ అయిదు రోజులు డల్సిమర్ అనే తీగవాద్యం నేర్పే వర్క్‌షాప్. ఒక్క పాట నేర్చుకోవాలి. శుక్రవారానికి ఆ పాటతో ఇంటికి రావాలి. అంతే.

ఆ పాటకి పేరు లేదు. మాటలూ లేవు. అతని భార్య రూయీ గిన్నెలు తోముకుంటూ కూనిరాగం తీసేది. మూడు చరణాలు. ఆమె పోయి ఆరేళ్లయింది. మొదటి చరణం వెర్లిన్ తలలో గట్టిగానే ఉంది. రెండోది ఈమధ్య పలచబడుతోంది. మూడోది మాత్రం తెల్లవారుజామున కొండ మీంచి మంచు దిగినట్టు నెమ్మదిగా దిగి వస్తుంది. కళ్లు తెరిచి చూసేసరికి ఉండదు.

అతనికి పాడడం రాదు. ఈల వేద్దామంటే ముందు పళ్లు లేవు. నలభై ఏళ్లు రంపపు మిల్లులో పని చేసిన వేళ్లు సరిగా వంగవు. డల్సిమర్‌కి వేళ్లు వంగక్కర్లేదని ఎవరో చెప్పారు. ఒళ్లో అడ్డంగా పెట్టుకోవడమే. ఎడమచేత్తో చిన్న కర్రముక్క తీగ మీద జరపాలి, కుడిచేత్తో బాతు ఈకతో మీటాలి. ఒక తీగ పాట చెబుతుంది. మిగతా రెండూ తుమ్మెదల్లా ఒకే శ్రుతిలో మోగుతుంటాయి. పాటని ఒకసారి ఆ చెక్కలో పెట్టేస్తే ఇక ఎక్కడికీ పోదని అతని ఆశ.

ఒక కోడి వరండా కిందకి దూరి రానంది. దాన్ని బయటికి లాగేసరికి ఆలస్యమైంది. బడికి చేరేటప్పటికి పాఠం మొదలైపోయింది. నేర్పే అమ్మాయి మార్లిస్ గుమ్మం దగ్గరికి వచ్చింది.

"అయ్యో వెర్లిన్ గారూ, ఉన్నవి పన్నెండు డల్సిమర్లు. పన్నెండూ ఇచ్చేశాను."

వెర్లిన్ గోడకేసి చూశాడు. అక్కడ ఇంకొకటి వేలాడుతోంది.

"అదా? అది ఒక్కరు వాయించేది కాదండీ."

ఆ సంగతి అతనికి తెలుసు. ఆ కొండల్లో తెలియనివాళ్లు లేరు. రొట్టెల పీటంత వెడల్పు చెక్క. అటు ఒక వరుస తీగలూ మెట్లూ, ఇటు ఒక వరుస తీగలూ మెట్లూ. ఇద్దరు ఎదురెదురుగా మోకాళ్లు ఆనించి కూర్చుంటే వాళ్ల ఒళ్లో నిలుస్తుంది. పూర్వం పిల్లని చూడడానికి పిల్లాడు వస్తే ఇది వాళ్లిద్దరి మధ్యా పెట్టేవారు. తల్లి పక్క గదిలో అల్లిక పట్టుకు కూర్చునేది. రెండు వైపులా తీగలు మోగుతున్నాయంటే నాలుగు చేతులూ ఉండవలసిన చోటే ఉన్నాయని లెక్క. చప్పుడు ఆగిందా, తల్లి చీపురుతో లోపలికి వచ్చేది.

"ఇంకెవరైనా ఆలస్యంగా వస్తే మీ ఇద్దరికీ ఇది సరిపోతుంది" అంది మార్లిస్.

అప్పుడే ఆలస్యంగా ఒకరు వచ్చారు. వచ్చింది డెల్ఫియా గ్రాస్.

డెల్ఫియా ఇల్లు వాగుకి అవతల, సరిగ్గా వెర్లిన్ ఇంటికి ఎదురుగా. మొగుడు పోయి చాలా కాలమైంది. పదకొండేళ్ల కిందట, దారాలకి గుచ్చి వరండాలో ఆరగట్టుకున్న ఆమె చిక్కుడుకాయలన్నిటినీ వెర్లిన్ కంచరగాడిద తినేసింది. చలికాలమంతటికీ దాచుకున్న కూర అది. వెర్లిన్ వచ్చి గాడిదని తోలుకుపోయాడు గాని ఒక్క మాట అనలేదు. మాటలు అతనికి ఎప్పుడూ కొరతే. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

మార్లిస్‌కి ఇదేమీ తెలియదు. ఇద్దరినీ ఎదురెదురు కుర్చీల్లో కూర్చోబెట్టి, ఒళ్లో చెక్క పెట్టింది.

"అమ్మాయ్, ఆయన మోకాలు కాస్త అవతలికి జరపమను" అంది డెల్ఫియా.

"జరిపితే డల్సిమర్ కింద పడిపోతుంది డెల్ఫియా గారూ."

"పోనీ, స్నానం చేసి వచ్చాడేమో అడుగు."

"చేశాను" అన్నాడు వెర్లిన్, మార్లిస్ వైపు చూస్తూ.

పదకొండేళ్లలో డెల్ఫియా చెవిన పడిన అతని మొదటి మాట అదే.

మధ్యాహ్నానికి వెర్లిన్ కర్రముక్క సరైన మెట్ల మీద ఆగడం నేర్చుకుంది. మొదటి చరణం ఒక్కొక్క స్వరంగా తీగలోకి దిగుతోంది. ఎదురుగా డెల్ఫియా తన వైపు తీగలు మీటి శ్రుతి ఇస్తోంది. కిటికీ బయట వాగు కూడా అదే శ్రుతిలో ఉన్నట్టు అనిపించింది. భోజనం గంట కొట్టారు. అందరూ లేచారు. వెర్లిన్ ఆపలేదు. ఆపితే పాట పోతుందని భయం. అతను ఆపలేదు కాబట్టి డెల్ఫియా కూడా ఆపలేదు. ముందు తనే ఎందుకు ఆపాలి?

గోడకి అవతల వంటగది. వంటావిడ ఓమా ఫ్యూగేట్ గరిటె పట్టుకుని వింది. సూపు చల్లారింది, రొట్టెలు ఎండిపోయాయి. రెండు వైపులా తీగలు మోగుతూనే ఉన్నాయి.

"వాళ్లకి ఆకలి కూడా లేదమ్మా" అంది పాత్రలు కడిగే ఆవిడతో. ఓమాకి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అయినా మంగళవారం ఇంకో సాక్ష్యం దొరికింది. వెర్లిన్ చేతిలోని కర్రముక్క చీలి, సన్నటి పేడు అతని వేలిలో దిగింది. చప్పుడు ఆగిపోయింది. ఓమా గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. డెల్ఫియా అతని చెయ్యి రెండు చేతులా పట్టుకుని, ముఖం దగ్గరగా పెట్టుకుని, పళ్లతో ఆ పేడు లాగుతోంది.

ఓమా గుమ్మంలోనే ఆగింది. మెల్లగా తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోయింది. సాయంత్రానికి ఆ లోయలో టెలిఫోన్ ఉన్న ప్రతి ఇంటికీ సంగతి తెలిసింది. లేని ఇళ్లకి ఇంకా ముందే తెలిసింది.

బుధవారం వంటగది బల్ల మీద గుడ్డ కప్పిన పళ్లాలు నాలుగు వచ్చి చేరాయి. ఒక్కొక్క దాంట్లో రొట్టెలా పలచటి కేకు పొర ఒకటి. అక్కడ పెళ్లి కేకు ఒక ఇంట్లో చెయ్యరు. ఇంటికొక పొర తెస్తారు. ఎండు యాపిళ్లు తీపి జొన్నదంట్ల పాకంలో ఉడికించి పొర పొరకీ మధ్య రాస్తారు. రెండు రోజులు ఊరనిస్తారు. కేకు ఎంత ఎత్తు లేస్తే పెళ్లికూతురంటే జనానికి అంత ఇష్టమని అర్థం.

వెర్లిన్ మంచినీళ్ల కోసం వంటగదిలోకి వెళ్లి అది చూశాడు. తిరిగొచ్చి కూర్చున్నాడు. చాలాసేపు ఆలోచించి, మార్లిస్ దూరంగా ఉంది కాబట్టి, తిన్నగా డెల్ఫియాతోనే అన్నాడు.

"అక్కడ కేకు లేస్తోంది."

"చూశాను."

"మన గురించే."

"నాకు కళ్లున్నాయి. వాయించు."

"కాదని చెప్పాలి."

డెల్ఫియా ఈక పక్కన పెట్టింది. "నా పెళ్లికి ఎన్ని పొరలు వచ్చాయో తెలుసా నీకు? మూడు. అందులో ఒకటి మా అమ్మది, ఒకటి మా పిన్నిది. మూడోది ఎవరిదో కాని, అడుగు మాడిపోయింది. నలభై మూడేళ్లు ఆ సంగతి మింగుకుని కూర్చున్నాను. ఈ రోజు బుధవారం, అప్పుడే నాలుగొచ్చాయి. శుక్రవారం దాకా నోరు మూసుకో."

"అది అబద్ధం కదా."

"నేనేం చెప్పాను అబద్ధం? ఎవరైనా అడిగారా? చెప్పాలనుంటే వెళ్లి చెప్పు. నేను లేచి ఇంటికి పోతాను. ఈ చెక్కని ఒక్కడివే ఎలా నిలబెట్టి వాయిస్తావో చూస్తాను."

వెర్లిన్ చేతిలో రెండో చరణం సగంలో ఉంది. నోరు మూసుకున్నాడు. అది అతనికి కష్టమైన పని కాదు.

గురువారం చర్చి పెద్ద బ్రదర్ ఎల్జీ తన మంచి టోపీ పెట్టుకుని వచ్చాడు. వెర్లిన్ భుజం మీద చెయ్యి వేశాడు.

"అంతా సిద్ధమేనా వెర్లిన్?"

"రెండు కుదిరాయి" అన్నాడు వెర్లిన్. అతని మనసంతా పాట మీదే ఉంది. "మూడోది రావాలి."

"రెండేమిటి బాబాయ్!" అని ఓమా వంటగదిలోంచి అరిచింది. "తొమ్మిదొచ్చాయి! పై ఊరి వాళ్లవి ఇంకా దారిలో ఉన్నాయి!"

బ్రదర్ ఎల్జీకి తృప్తిగా అనిపించింది. శుక్రవారం సాయంత్రం కచేరీ అవగానే పుస్తకం పట్టుకొస్తానని చెప్పి వెళ్లాడు.

ఆ సాయంత్రం వెర్లిన్ ఇంటికి వెళ్లేసరికి కోళ్లు లేవు. గూడు కూడా లేదు. గుమ్మానికి చీటీ ఒకటి గుచ్చి ఉంది. కొత్త దంపతులకి శ్రమ లేకుండా కోళ్లనీ గాడిదనీ ఇరుగుపొరుగు వాళ్లే వాగు దాటించారట. వెర్లిన్ ప్యాంటు మడిచి వాగు దాటాడు. అవతలి గట్టున డెల్ఫియా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. ఆమె వెనక వరండాలో కంచరగాడిద నింపాదిగా నములుతోంది. దాని మూతి నుంచి చిక్కుడు దారం ఒకటి వేలాడుతోంది.

ఇద్దరూ చాలాసేపు దానికేసి చూశారు.

"మళ్లీనా?" అన్నాడు వెర్లిన్.

డెల్ఫియా కళ్లు మూసుకుంది. "పదకొండు పొరలు" అని తనలో తను అనుకున్నట్టు అంది. "పదకొండు. పొద్దున పెందరాళే రా. నీకింకా మూడోది రాలేదు."

శుక్రవారం బడి హాలంతా నిండిపోయింది. కేకు పధ్నాలుగు పొరలకి చేరి, ఒక పక్కకి ఒరగడం మొదలుపెట్టింది. ఓమా అందులో రెండు అల్లిక సూదులు దింపి, పక్కనే కాపలా నిలబడింది. పన్నెండుమంది తలా ఒక పాట వాయించారు. ఆఖరున మార్లిస్ రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసింది. జనం ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు.

వెర్లిన్ మొదటి చరణం వాయించాడు. రెండోది వాయించాడు. అక్కడితో అయిపోవాలి. అతని దగ్గర ఇంకేమీ లేదు. కాని ఎదుటి తీగలు ఆగలేదు. డెల్ఫియా తల వంచుకుని అదే శ్రుతి మీటుతోంది, తొందరేమీ లేనట్టు. కిటికీలో సాయంత్రపు వెలుతురు తేనె రంగులో ఉంది. గదిలో ఎవరూ లేనట్టయింది. గిన్నెల్లో నీళ్ల చప్పుడు వినిపించింది. సబ్బు వాసన వచ్చింది. తడి చేతులు గౌనుకి తుడుచుకుంటూ ఎవరో కిటికీ దగ్గరికి నడిచారు. వెర్లిన్ ఈసారి కళ్లు తిప్పి చూడలేదు. కర్రముక్క దానంతట అదే పై మెట్లకి జరిగింది. మూడో చరణం మంచు దిగినట్టు దిగింది. దిగి, ఉండిపోయింది.

ఆఖరి స్వరం ఆరిపోయింది. హాలంతా నిశ్శబ్దం. నిశ్శబ్దం అయితే ఏం చెయ్యాలో ఆ జనానికి తెలుసు. బ్రదర్ ఎల్జీ పుస్తకం తెరుచుకుని ముందుకొచ్చాడు.

"వెర్లిన్ స్టిడమ్, ఈ డెల్ఫియాని..."

వెర్లిన్ లేచాడు. చెక్క జారబోతే డెల్ఫియా పట్టుకుంది.

"నేను పాట కోసం వచ్చాను" అన్నాడు. "రూయీ పాట. మరిచిపోతానని భయమేసి వచ్చాను. ఇప్పుడది వచ్చింది. పెళ్లి అని నేనెవరితోనూ అనలేదు. కాదని ముందే చెప్పాల్సింది. పాట కోసం చెప్పలేదు. తప్పు నాది. కోళ్లని రేపు తెచ్చుకుంటాను."

అంత పొడుగు మాట అతని నోట ఎవరూ ఎన్నడూ వినలేదు. అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

"పధ్నాలుగు పొరలు!" అని ఓమా ఏడుపు లంకించుకుంది. "పై ఊరి నుంచి వానలో మోసుకొచ్చారు బాబాయ్!"

బ్రదర్ ఎల్జీ పుస్తకం మూసి డెల్ఫియా వైపు తిరిగాడు. "నువ్వేమంటావమ్మా?"

అందరూ అటే చూశారు. ఆమెని నలుగురిలో చిన్నబుచ్చానని వెర్లిన్ చెవులు ఎర్రబడ్డాయి. నేలకేసి చూస్తూ నిలబడ్డాడు.

డెల్ఫియా ముందు కేకుని కింది నుంచి పై దాకా తీరిగ్గా చూసింది. తర్వాత లేచింది.

"అతను చెప్పింది నిజమే. నన్నెవరూ అడగలేదు, నేనెవరికీ ఊఁ అనలేదు. అయినా మీరు తెచ్చినవి నా కోసమే తెచ్చారు, వెనక్కి ఇవ్వను. ఓమా, ఏడుపాపి కత్తి తీసుకురా. అందరూ తినండి." అప్పుడు వెర్లిన్ వైపు తిరిగింది. "నీకెవరు చెప్పారు పాట అయిపోయిందని?"

"మూడూ వచ్చాయి."

"నాలుగో చరణం ఉంది. పెళ్లికి ముందు నేనూ రూయీ గింజలు ఒలుచుకుంటూ పాడుకునేవాళ్లం. నాకు బాగా గుర్తు. ఇక్కడ చెప్పను. మా వరండాలో చెబుతాను. దానికి ఇద్దరుండాలి."

"ఆ డల్సిమర్ మీరే తీసుకుపోండి" అంది మార్లిస్, కేకు నోట్లో పెట్టుకుంటూ. "గోడ మీదుంటే దండగ."

వెర్లిన్ ఆ చెక్కని ఒక చివర పట్టుకుని ఎత్తాడు. రూయీ గిన్నెలు తోముతుంటే అతను ముప్పై ఎనిమిదేళ్లు విన్నాడు. ఆ పాటకి ఉన్నవి మూడే చరణాలని అతనికి కచ్చితంగా తెలుసు.

నాలుగోది నేర్చుకోవడానికి మాత్రం ఆ వరండాలో తొమ్మిదేళ్లు పట్టింది.