సిల్వియా స్పీకర్ పెట్టె

శనివారం పొద్దున టిఫిన్ గిన్నెలు సింకులో ఉండగానే సిల్వియా స్క్రూడ్రైవర్ పట్టుకుంది. పంజాగుట్టలో వాళ్ల చర్చి క్వయర్‌లో ఆమె బేస్ గిటార్ వాయిస్తుంది. కిందటి ఆదివారం క్వయర్ లీడర్ నేతన్ అందరి ముందూ, "సిల్వియక్కా, నీ బేస్ ఉన్నదో లేదో తెలుస్తలేదు. వచ్చే వారంకెల్లి కీబోర్డ్ మీదనే లాగిద్దాం" అన్నాడు. ఆ మాట ఆమెకు లోపలెక్కడో గుచ్చుకుంది. యాంప్లిఫయర్ మంచిదే. దానికి తగిలించిన పాత స్పీకర్ పెట్టెకే చెదలు పట్టి చెక్కలు వదులైపోయాయి. కొత్త పెట్టె తన చేతులతో తనే చేసి, నేతన్ చెవులు అదరగొట్టి తీరాలని నిశ్చయించుకుంది. అమీర్‌పేటలో ప్లైవుడ్ కోయించుకొచ్చి, వారమంతా ఆఫీసు నుంచి రాగానే జిగురు పూసి, మరలు బిగించి, ఫ్రిజ్‌కు సగం ఎత్తుండే పెట్టెను నిలబెట్టింది.

"కార్పెంటర్‌ను పిలిస్తే ఒక్క పూటల చేసిపోతుండె గదా" అన్నాడు భర్త కృపావరం.

"చేసిపోతడు. నేతన్‌కు జవాబు ఆయన చెప్తడా?"

కృపావరం పేపరు తిరగేశాడు.

ఇవాళ వాయించి చూసి, రేపు ఆటోలో చర్చికి తీసుకెళ్లాలని ఆమె ఆలోచన. హాల్లో చోటు చాలక పెట్టెను బాల్కనీ గుమ్మంలో పెట్టి, అన్నిటికన్నా లావు తీగను మీటింది. ధ్వని అరికాళ్లలోంచి ఎక్కి గుండెలో ఆగింది. దేవునికి స్తోత్రం అనబోయి ఆగిపోయింది. ఆ ధ్వని వెనకాలే ఎక్కడో గరగరమంటోంది. చెక్క వదులుగా ఉందన్నమాట! మరలు బిగించి మీటింది. గరగర. సందుల్లో జిగురు నింపి మీటింది. గరగర. పెట్టెను మోకాలితో అదిమిపట్టి మరీ మీటింది. గరగర పోలేదు.

ఇంతలో ఎవరో తలుపు బాదారు. కింది ఇంట్లో ఉండే వసుమతి, అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షురాలు, చెమటలు కక్కుతూ నిలబడి ఉంది.

"సిల్వియా గారూ, మీ ఇల్లు కూడా ఊగుతోందా అండీ? మా వంటింట్లో గిన్నెలన్నీ వణికిపోతున్నాయి! భూమిలోంచి ఏదో మూలుగు!"

"గరగరమని సుత వినొస్తుందా?"

"అదేనండీ, అదే! పక్కన సెల్లార్ తవ్వుతున్నారుగా, వాళ్ల పనే."

సిల్వియా ముఖం వెలిగిపోయింది. అయితే ఆ గరగర తన పెట్టెది కాదు! తను చేసిన పెట్టెలో ఏ లోపమూ లేదు!

"పదండి వసుమతి గారూ. పొద్దటిసంది నేనే విన్న. సాక్ష్యం నేను చెప్త" అని చెప్పుల్లో కాళ్లు దూర్చింది. మెట్లు దిగేలోగా మిగతా ఇళ్లవాళ్లూ కొందరు వెంట కలిశారు.

పక్క స్థలంలో బిల్డర్ అభిలాష్ టీ తాగుతున్నాడు. "మేడం, డ్రైవర్ రాలే. ఇయ్యాల మిషన్ స్టార్టే చెయ్యలే" అన్నాడు.

"మరి ఇల్లు దానంతటదే ఊగిందా అన్నా?" అని సిల్వియా నిలదీసింది. వెంట వచ్చినవాళ్లంతా అవునంటే అవునన్నారు. అభిలాష్ టీ సగంలో వదిలేసి గుంత వైపు ఒకసారి భయంగా చూశాడు.

అక్కడ గట్టిగా బెదిరించి వచ్చాం కాబట్టి ఇక నిశ్చింతగా వాయించుకోవచ్చనుకుని, సిల్వియా ఇంటికి రాగానే వాల్యూమ్ పూర్తిగా పెంచింది. నాలుగు స్వరాలు పూర్తవక ముందే మెట్ల మీద పరుగులు మొదలయ్యాయి. ఒకాయన గ్యాస్ సిలిండర్ భుజానికెత్తుకున్నాడు. ఒకావిడ పట్టుచీరలు చంకన పెట్టుకుంది. "దిగండి, దిగండి!" అని వసుమతి తలుపు బాదితే సిల్వియా కూడా భర్తను లాక్కుని దిగింది. అందరూ పార్కింగ్ రేకుల కింద గుమిగూడారు.

ఎవరు ఫోన్ చేశారో, కార్పొరేషన్ నుంచి మంజూష అనే ఇంజనీరు వచ్చింది. వాచ్‌మన్ బల్ల మీద గ్లాసుడు నీళ్లు పెట్టించి, కదులుతాయేమోనని చూస్తూ కూర్చుంది. నీళ్లు కదల్లేదు. జనానికి విసుగొచ్చింది. సిల్వియాకు మాత్రం, అంతా సద్దుమణిగింది కదా, పెట్టెను సరిగ్గా పరీక్షించుకోవడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదనిపించింది. మెల్లగా పైకి జారుకుంది.

బాల్కనీ గుమ్మంలో నిలబడి లావు తీగ మీటింది. కింద రేకులు గరగరమన్నాయి. జనం కేకలు పెడుతూ రోడ్డు మీదికి పరిగెత్తారు. ఆమె తీగ మీద చెయ్యి పెట్టి ఆపింది. జనం ఆగారు. అనుమానంగా మళ్లీ మీటింది. మళ్లీ పరిగెత్తారు.

సిల్వియా కుర్చీలో కూలబడింది. సిగ్గుతో తలెత్తలేకపోయింది. మధ్యలో ఒక్క క్షణం మాత్రం, ఎంత గొప్ప పెట్టె చేశానని కూడా అనిపించింది. ఏమైతే అయింది, నిజం చెప్పేయాల్సిందేనని దిగి వచ్చి మంజూష ముందు నిలబడింది.

ఆమె నోరు తెరిచేలోగా అభిలాష్ జనాన్ని తోసుకుని వచ్చి పడ్డాడు. "మేడం, తప్పయింది! పర్మిషన్ రెండు సెల్లార్లకే, మూడోది సుత తవ్విన. వీళ్ల గోడ కిందికెల్లి మట్టి తీసిన. ఇల్లు పడితే నేను జైలుకు పోవాల!"

మంజూష వెళ్లి చూసింది. ప్రహరీ పునాది కింద చెయ్యి దూరేంత ఖాళీ. అక్కడికక్కడే పని ఆపించి, గుంత పూడ్చమని నోటీసు రాసిచ్చింది.

"ఊపింది నేనే. నా స్పీకర్ పెట్టె" అని సిల్వియా అందరికీ వినబడేలా చెప్పింది.

వసుమతి ఆమె చేతులు పట్టుకుంది. "వాడి తప్పు మీ మీద వేసుకుంటున్నారా! ఇంత మంచితనం పనికి రాదండీ" అని కళ్లు తుడుచుకుంది. కృపావరం సాక్ష్యం చెప్పబోతే, పెళ్లాన్ని వెనకేసుకొస్తున్నాడని మెచ్చుకున్నారు.

మర్నాడు చర్చిలో బేస్ లేదన్నవాడు ఒక్కడూ లేడు. నేతనే వాల్యూమ్ తగ్గించమని రెండుసార్లు చేత్తో సైగ చేశాడు.

సోమవారం సాయంత్రం అభిలాష్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తిట్టడానికొచ్చాడేమో అనుకుంది సిల్వియా.

"అక్కా, మొన్న నీ మాట నమ్మింది నేనొక్కన్నే" అన్నాడతను గొంతు తగ్గించి. "శ్రీనగర్ కాలనీల నా పోటీ బిల్డర్ ఒకడున్నడు. నాకన్న లోతుకు తవ్విండు. జర ఆ పెట్టె పట్టుకొని వస్తవా?"

సిల్వియా తలుపు వేయబోయి ఆగి, ఆదివారం మాత్రం తనకు కుదరదని చెప్పింది.