హిరనుమ గారి పడవకు గీత పడిన వైనం

ఉషిగసె పేట మూడో వీధి నివాసి, అరవై ఆరేళ్ల హిరనుమ తొకుజిరో గారిని ఏప్రిల్ రెండో ఆదివారం ఉదయం తొమ్మిదీ పదికి సముద్రంలో మృత్యుముఖం నుంచి రక్షించడమైనది. ఈ రక్షణలో ఆయన పడవ తప్ప మరేదీ దెబ్బతినలేదని వీధి సంఘం నివేదికలో స్పష్టంగా రాశారు. ఆయన అసలు చావడానికి వెళ్లలేదన్న చిన్న సంగతి మాత్రం, కాగితంలో చోటు చాలక, రాయలేదు.

హిరనుమ గారు ముప్పై ఎనిమిదేళ్లు రైలు నడిపారు. ప్లాట్‌ఫారం మీద గీసిన గీతకు జానెడు అవతల రైలు ఆపిన పాపాన పోలేదు. మూడేళ్ల కిందట భార్య ఫుమియె పోయినప్పుడు వీధి వీధంతా నల్లబట్టలు కట్టుకుని వచ్చి, నడుములు వంచి, వరసగా వెళ్లిపోయింది. దుఃఖంలో ఉన్న మనిషిని ఇబ్బంది పెట్టడం అమర్యాద కాబట్టి ఆ తర్వాత ఒక్కరూ ఆయన గడప తొక్కలేదు. వాళ్లను ఇబ్బంది పెట్టడం అమర్యాద కాబట్టి ఆయనా ఎవరి గడపా తొక్కలేదు. ఇంత సంస్కారం గల వీధి చుట్టుపక్కల ఎక్కడా లేదు.

చివరికి ఆయన చేపలు పట్టుకునే కయాక్ అనే ఒంటిమనిషి తెడ్డు పడవ ఒకటి కొన్నారు. నారింజ రంగుది, మూడున్నర మీటర్లది. దానితోనే మాట్లాడటం మొదలుపెట్టారు. భార్యను నిలుపుకోలేకపోయాను, దీని ఒంటి మీద మాత్రం గీత పడనివ్వను అని ఒట్టు పెట్టుకున్నారు. నవ్వకండి. నిలుపుకోవడానికి ఆ ఇంట్లో ఇంకేమీ మిగల్లేదు.

పడవను కారు మీదికి ఎక్కించే కార్యక్రమం నలభై నిమిషాలు. సముద్రం ఉన్నది తొమ్మిది వందల మీటర్ల దూరంలో. కింద మెత్తటి దిళ్లు వేసి, పడవను బోర్లా పడుకోబెట్టి, జారకుండా, అలాగని సొట్ట పడేంత బిగించకుండా పట్టీలు కట్టేవారు. గాలికి పట్టీ రొద పెట్టకుండా ఒక మెలిక తిప్పేవారు. తర్వాత తెల్ల చేతొడుగులు వేసుకుని, రైల్వేలో నేర్చిన పద్ధతిలో ఒక్కొక్క వస్తువునూ వేలెత్తి చూపిస్తూ అరిచేవారు.

"కుడి పట్టీ, సరే! ఎడమ పట్టీ, సరే! ముందు తాడు, సరే! తోకకు ఎర్రగుడ్డ, సరే!"

ఆ ఆదివారమూ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తీరంలో పడవను ఇసుక మీద ఈడ్వకుండా చక్రాల బండి మీద తోసుకెళ్లారు. ఆ బండిని ఒడ్డున వదిలితే నలుగురికీ అడ్డమని మడిచి పడవలోనే పెట్టారు. లంగరు కొక్కేలు పడవకు తగలకుండా ఫుమియె ఉన్ని శాలువాతో తొడుగు కుట్టారు. నీటిలో దించే ముందు ఆ తొడుగు విప్పి, మడతపెట్టి, జేబులో పెట్టుకునేవారు.

ఇక మిగిలింది బూట్లు. బూటు అడుగున ఇసుక ఉంటుంది, ఇసుక గీత పెడుతుంది. ఇంట్లోకి వెళ్లేటప్పుడు విప్పేవాడు పడవలోకి విప్పడా? హిరనుమ గారు బూట్లు విప్పి, మడమలు కలిపి, మొనలు సముద్రం వైపు ఉండేలా రాయి పక్కన చక్కగా పెట్టి, మేజోళ్లతో పడవెక్కి, అలలకు అడ్డంగా కట్టిన రాతి అలకట్ట దాటి అటువైపు వెళ్లిపోయారు.

నీటి అంచున అలా జతగా పెట్టిన బూట్లు చూస్తే వాటి యజమాని మళ్లీ రాదలచుకోలేదని ఆ దేశంలో ఎవరైనా అనుకుంటారు. కుక్కను తిప్పడానికొచ్చిన నుమాతా గారావిడా అలాగే అనుకుంది. పది నిమిషాల్లో వీధి సంఘం అధ్యక్షులు కువబరా గారితో సహా పదిహేను మంది బూట్ల చుట్టూ చేరారు.

"ఇవి హిరనుమ గారివే. నేనెప్పుడో అనుకున్నానండీ," అంది నుమాతా గారావిడ. "ఏడాదిగా ఒక్కడే కూచుని పడవతో మాట్లాడుతున్నాడు. వంటింటి కిటికీలోంచి రోజూ చూస్తూనే ఉన్నా."

"నాకూ తెలుసు. చెత్త సంచీ మరీ చిన్నదైపోయింది. మనిషి తిండి తినట్లేదని అప్పుడే చెప్పా మా ఆవిడతో," అన్నాడు ఎదురింటాయన.

"ఆయన ముఖం చూస్తే నాకు రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు," అన్నారు కువబరా గారు కళ్లు తుడుచుకుంటూ. అంతమంది అంత జాగ్రత్తగా తనను కనిపెట్టుకుని ఉన్నారని హిరనుమ గారికి మాత్రం తెలియదు.

ఆయన అప్పటికి అలకట్ట వెనక లంగరు వేస్తున్నారు. పక్కకు కడితే అల తిరగేస్తుందని మోకును పడవ ముక్కుకు కట్టి, లోతుకు ఐదింతలు వదిలి, "లంగరు, సరే!" అన్నారు. రెండు కిసు చేపలు పడ్డాయి. అంతలో ఊరి మైకులన్నీ ఒక్కసారి మోగాయి. అరవై ఆరేళ్ల పురుషుడు, పొట్టివాడు, నీలం టోపీ, కాళ్లకు బూట్లు లేవు, కనబడితే తెలియజేయగలరు.

 పాపం, ఎవరో నా ఈడువాడే, ఎవరూ లేనివాడు కాబోలు అనుకున్నారు హిరనుమ గారు. నీలం టోపీ తీసి, నీళ్ల వైపు నాలుగు దిక్కులా శ్రద్ధగా వెతికారు.

వెతుకుతుండగానే మత్స్యకారుల సంఘం ఇనుప పడవ వచ్చింది. దాని ముక్కున మైకు పట్టుకుని కువబరా గారు నిలబడి ఉన్నారు.

"హిరనుమ గారూ! తొందరపడకండి! ప్రాణం చాలా విలువైనది! వీధి యావత్తూ మీ వెంటే ఉంది!"

"దగ్గరికి రాకండి! గీత పడుతుంది!" అని హిరనుమ గారు రెండు చేతులూ ఊపారు.

"దగ్గరికి రావద్దంటున్నాడు! ఇంకా దగ్గరికి పోనివ్వండి!" అన్నారు కువబరా గారు.

ఇనుప పడవ దగ్గరికి పోయింది. ముక్కు నుంచి తోక దాకా కయాక్‌ను గీరుకుంటూ పోయి మరీ ఆగింది. నలుగురు కలిసి హిరనుమ గారిని పైకి లాగారు. చావబోయేవాడు ప్రాణరక్షక జాకెట్ ఎందుకు తొడుక్కున్నాడని ఒకరు అడిగితే, ఆయన మొదటి నుంచీ పద్ధతి గల మనిషి అని కువబరా గారు వివరించారు. హిరనుమ గారు గీత మీద చెయ్యి పెట్టి, చిన్నపిల్లాడిలా ఏడ్చారు. పశ్చాత్తాపమని అందరూ సంతోషించారు.

బూట్లు విప్పింది ఇసుక గీత పెడుతుందనేనని తెలిశాక వీధి సిగ్గుపడింది. ఆ సాయంత్రమే కువబరా గారు మిఠాయి పెట్టెతో వచ్చి, పడవ ముందు నిలబడి, నడుము సగానికి వంచి క్షమాపణ చెప్పారు. మర్నాడు ఇనుప పడవ నడిపినాయన, ఆ మర్నాడు నుమాతా గారావిడ, తర్వాత ఎదురింటాయన. తొమ్మిది రోజులు, తొమ్మిది పెట్టెలు. వచ్చినవాళ్లందరికీ హిరనుమ గారు టీ ఇచ్చారు. కూచున్నారు, మాట్లాడారు, ఒకసారైతే నవ్వారు కూడా.

చివరి రోజు పెట్టెతో వచ్చిన నుమాతా గారావిడ మొగుణ్ణి ఆయన అడిగారు. "మూడేళ్లుగా నన్ను చూస్తే బెంగగా ఉందని వచ్చినవాళ్లంతా అన్నారు కదా. మరి ఒక్కరోజైనా రాలేదేమండీ?"

"భలేవారే! ఏమని రమ్మంటారు? ఇప్పుడంటే గీత పడింది, కంటికి కనబడుతోంది, క్షమాపణ చెప్పాలి. అది మన ధర్మం. ఊరికే వస్తే మీకు ఇబ్బంది కదా?" అన్నాడాయన.

హిరనుమ గారు ఈ సమాధానం మీద చాలాసేపు ఆలోచించారు. పదో రోజు ఎవరూ రాలేదు. పదకొండో రోజూ రాలేదు. పడవ ఎడమ వైపు గీత ఉంది, కుడి వైపు నున్నగా మెరుస్తూ ఉంది.

పన్నెండో రోజు ఉదయం ఆయన పడవను కారు మీద కట్టి, ఏదీ వేలెత్తి చూపించకుండా, కారును నింపాదిగా వెనక్కి నడిపారు. గేటుకు ఎదురుగా వీధి సంఘం నోటీసు బోర్డు ఉంది. పడవ కుడి వైపు దానికి గీరుకుని కరకరమని చప్పుడైంది. కువబరా గారు చెప్పులు కూడా తొడుక్కోకుండా పరిగెత్తుకొచ్చారు.

"అయ్యయ్యో! బోర్డు ఇక్కడ పాతించడం మా తప్పేనండీ, పూర్తిగా మా తప్పే!"

"అవును, మీ తప్పే," అన్నారు హిరనుమ గారు. జన్మలో ఎవరినీ అంత మాట అనలేదు. "సాయంత్రం ఎన్నింటికి వస్తారు?"