బస్సు తిరిగే వాకిట్లో జబ్బు

ఊరికి ఆసుపత్రి ఎందుకండీ? ఏడాదికి నాలుగు సదస్సులు చాలవూ!

నవ్వకండి. బాగా ఆలోచించే అంటున్నాను. రాజమండ్రి హోటళ్లలో వైద్య సదస్సు జరిగినప్పుడల్లా ప్రతినిధులను ఒక పూట ఏసీ బస్సెక్కించి, పల్లెల్లో ఆరోగ్య సేవ ఎలా జరుగుతోందో చూపించడానికి తీసుకెళతారు. దీన్ని ఫీల్డ్ విజిట్ అంటారు. దీనివల్ల డాక్టర్లకు జ్ఞానం, మనకు బ్లీచింగ్ పౌడరు. ఇంతకన్నా ఇంకేం కావాలి?

నమ్మకం కుదరకపోతే నిడదవోలు దాటాక కాలవ గట్టు మీదున్న కొత్తలాకులపాలెం వెళ్లి పాపాయిని అడగండి.

పాపాయి ఆ ఊరికి అధికారిక రోగి. మొన్నమొన్నటిదాకా ఆవిడకు ఏ జబ్బూ లేదు. ఉన్నదల్లా వాకిలి. భర్త బతికున్న రోజుల్లో ధాన్యం లారీలు తిప్పుకోవడానికి వదిలిన వాకిలి అది. ఊరు మొత్తం మీద పెద్ద బస్సు వెనక్కి తిరగగలిగిన చోటు అదొక్కటే. అక్కడ ఆరోగ్య సేవా సమితిని నడిపే చంద్రరావుగారు మొదటి విజిట్‌కే ఈ సంగతి కనిపెట్టారు. బస్సు తిరగని చోట జబ్బు ఉండి మాత్రం ఏం లాభం? రత్తమ్మ మోకాళ్లు పాపం నిజంగానే అరిగిపోయాయి. కానీ అవి సైకిలు కూడా కష్టమ్మీద పట్టే సందులో ఉన్నాయి!

అంచేత ఏ సదస్సు జబ్బు ఆ సదస్సుకు పాపాయికే వచ్చేది. బీపీ సదస్సుకు బీపీ. షుగరు సదస్సుకు షుగరు. ఆ రోజు ప్రతినిధులు ఆవిడ అరుగు మీదే కూర్చుని పూతరేకులు తిన్నారు గానీ ఆవిడకు మాత్రం ఒక్కటీ పెట్టలేదు. ఆ కోపం ఆవిడకు ఇప్పటికీ ఉంది. బాలింతల సదస్సుకు పక్కింటి పసిపిల్లను తెచ్చి ఒళ్లో పడుకోబెట్టి ఆవిణ్ణి అమ్మమ్మను చేశారు. మానసిక ఆరోగ్యం సదస్సుకు ఏం చేయించాలో ఎవరికీ తోచక, కాసేపు గోడకేసి చూస్తూ కూర్చోమన్నారు. ఆవిడ కూర్చుని కునుకు తీసింది. ప్రతినిధులు చాలా చలించిపోయారు.

ఏ జబ్బుకైనా చివర చెప్పాల్సిన మాట ఒకటే. "సమితి చలవండి. ఇప్పుడు సుఖంగా ఉందండి."

ఊరికి ఎంత మేలో చూడండి. విజిట్ ముందురోజు మురుక్కాలవ పొడుగునా బ్లీచింగ్ చల్లుతారు, బస్సు కిటికీలోంచి చూపు ఆనినంత మేర. దోమల మందు కొడతారు. సమితి బీరువాలోకి మాత్రలొస్తాయి. బస్సు వెళ్లాక మాత్రలూ వెళ్లిపోతాయి. వాటికి మాత్రం ఇంకో ఊళ్లో విజిట్ ఉండదూ?

పోయిన నెల ఊపిరితిత్తుల సదస్సు వచ్చింది. చంద్రరావుగారు పాపాయికి ఆయాసం కేటాయించారు. వచ్చి, తగ్గిపోయిన ఆయాసం. ఆవిడ వారం ముందునుంచే రొప్పడం మొదలుపెట్టింది. "ఎంత శ్రద్ధో చూడండి!" అని ఆయన నలుగురికీ చెప్పుకుని మురిసిపోయారు.

అది శ్రద్ధ కాదు. నాలుగడుగులు వేస్తే గుండెల మీద తిరగలి పెట్టినట్టుంటోంది. వెల్లకిలా పడుకుంటే ఊపిరందడం లేదు. ఇన్ని జబ్బులు చేసిన మనిషికి మొదటిసారి భయం వేసింది. సమితి నర్సు కృపారాణి ఆవిడ పాదం నొక్కి చూస్తే నొక్కిన చోట గుంట పడింది. బస్సు వచ్చే రోజు పొద్దున్నే ఆ పిల్ల చంద్రరావుగారి దగ్గరకు పరుగెత్తింది.

"సార్, పాపాయత్తకి నిజంగానే వచ్చిందండి!"

"ఇవాళ ఎలా కుదురుతుందమ్మా? ఇవాళ తగ్గిపోయిన రోజు కదా! రేపు చూద్దాం."

ఈ మాట విన్నా పాపాయి కంగారుపడలేదు. బస్సెడు డాక్టర్లు తన వాకిట్లోకే వస్తున్నారు. అందులో ఒక్కరు చాలరూ?

వచ్చారు. వేరే రాష్ట్రాలవాళ్లు, వేరే దేశాలవాళ్లు మెళ్లో బ్యాడ్జీలతో దిగి, కొబ్బరిబోండాలు పట్టుకుని వరసగా నిలబడ్డారు. మన తెలుగు డాక్టర్లు మటుకు ఎన్నోసార్లు చూసిన ఇల్లే కదా అని ఏసీ వదిలి దిగలేదు. పాపాయి రెండు చేతులూ జోడించింది.

"ఊపిరాడ్డం లేదండి బాబూ. కాళ్లు వాచిపోయాయండి. ఇది ఉత్తుత్తిది కాదండి, నిజం జబ్బండి. ఎవరైనా ఒక్కసారి చూడండి బాబూ!"

చంద్రరావుగారు దాన్ని ఇంగ్లీషులో వినిపించారు. ఒకప్పుడు ఈవిడకు ఊపిరాడేది కాదట, కాళ్లు వాచేవట, సమితి చలవవల్ల ఇప్పుడు సుఖంగా ఉందట!

చప్పట్లే చప్పట్లు! ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. ఒకావిడ పాపాయి భుజం మీద చెయ్యేసి సెల్ఫీ తీసుకుంది. బస్సు వాకిట్లో చక్కగా తిరిగి, ధవళేశ్వరం బ్యారేజీ చూడటానికి వెళ్లిపోయింది.

కృపారాణికి ఒళ్లు మండిపోయింది. ఉద్యోగం పోతే పోయిందనుకుని, ఆటో పిలిచి పాపాయిని టౌన్లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లింది. రిసెప్షన్లో అమ్మాయి ఎంతో మర్యాదగా లేచి నిలబడింది.

"సారీ అండి, ఛాతీ డాక్టర్లెవరూ లేరండి. సదస్సు కదండీ, ఫీల్డ్ విజిట్‌కి వెళ్లారు."

"డ్యూటీ డాక్టరుగారైనా ఉండాలి కదండీ?"

"బస్సులో సీటు ఖాళీ ఉందని ఆయన కూడా వెళ్లారండి. కొత్తలాకులపాలెంలో పాపాయిగారని ఎవరో ఆయాసం పేషెంటు ఉన్నారంటండి. ఆవిణ్ణి చూడ్డానికి."

పాపాయి బెంచీ మీద కూలబడింది. కాసేపటికి ఊపిరి కూడదీసుకుని, "పోనీలేవే కృపా, వచ్చేదాకా కూర్చుందాం. నన్ను ఎరుగుదురుగా," అంది.

పొద్దు వాలుతుండగా బస్సు ఆసుపత్రి ముందు ఆగింది. పెద్ద డాక్టరుగారు బ్యాడ్జీ తీస్తూ లోపలికొచ్చి, బెంచీ దగ్గర ఆగి, ఇంత మొహం చేసుకున్నారు.

"అరె, మన పాపాయమ్మగారు! పొద్దున్నేగా బస్సులోంచే అందరం చప్పట్లు కొట్టాం? ఆయాసం తగ్గిపోయిందన్నారు, మళ్లీ ఇక్కడికి ఎందుకొచ్చారమ్మా?"

"మా వాకిట్లో తగ్గిందండి బాబూ," అంది పాపాయి, మాట మాటకీ ఆగి గాలి పీల్చుకుంటూ. "నాకు తగ్గలేదు."