తగ్గించడానికి ఏమీ లేని ఇల్లు

పోపు మాడింది. తప్పు నాదని మా వారూ, బల్బుదని నేనూ పావుగంట వాదించుకున్నాం. ఆయన కొత్తగా తెచ్చి బిగించిన మెలికల బల్బు పూర్తిగా వెలగడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆవాలు అంతసేపు ఆగవు.

"లైట్ వేశాక కాస్త వెయిట్ చేయాలి పద్మా. ప్లానెట్ కోసం ఆ మాత్రం చేయలేమా?" అన్నారు భాస్కర్ గారు.

"ప్లానెట్ పప్పు తినదుగా. తినేది మీరే," అన్నాను.

ఆయన ఆవేశానికి కారణం ఉంది. ఆ ఏడాది, అంటే 2009లో, అమెరికాలో అరోరా పక్కనున్న మా చిన్న ఊరి కౌన్సిల్ భూతాపాన్ని అదుపులోకి తేవాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. మిగతా ప్రపంచం సంగతి ఎలా ఉన్నా, మా ఊరి పొలిమేరల్లో మాత్రం అది మరుసటి మార్చి ముప్పై ఒకటికల్లా తగ్గిపోవాలని గడువు విధించింది. అందుకోసం కరెంటు ఆదాలో ఇళ్ల మధ్య పోటీ పెట్టారు. గెలిచిన ఇంటి ముందు లాన్‌లో సాక్షాత్తూ మేయరే వచ్చి 'గ్రీన్ హోమ్' అనే బోర్డు పాతుతారు. మా వారు ఆ బోర్డు మీద మనసు పడ్డారు. ఎదురింటి రాజ్ గారూ పోటీలో ఉన్నారని తెలిశాక ఆయనకు అన్నం కూడా సహించలేదు.

పోటీ నిర్వహణకు మా కాలనీలో ఒక కమిటీ ఏర్పడింది. జూలైలో జరిగిన తొలి సమావేశానికి తొమ్మిది మంది సభ్యులు తొమ్మిది కార్లలో విచ్చేశారు. అందరికన్నా దూరం నుంచి వచ్చిన ఆయన ఇల్లు రెండు వీధుల అవతల ఉంది. క్లబ్‌హౌస్‌లో ఏసీ దివ్యంగా పనిచేస్తున్నందున, సభ్యులు స్వెటర్లు తొడుక్కుని భూమి వేడెక్కుతున్నందుకు ఆందోళన వ్యక్తం చేశారు. కాగితం ఆదా చేయమని రంగుల్లో అచ్చేసిన కరపత్రాలు ఇంటికి నాలుగేసి పంచారు.

"ఫ్రెండ్స్, మీరేం చేశారని రేపు మన పిల్లలు అడుగుతారు," అని అధ్యక్షులు వీరభద్రం గారు గద్గదస్వరంతో ప్రసంగించారు. "మేం కమిటీ వేశామని ప్రౌడ్‌గా చెప్పుకుందాం!"

చప్పట్లు మోగాయి.

గెలుపు మీద మా వారికి అనుమానమే లేదు. పదకొండేళ్లుగా మా ఇంట్లో గిన్నెలు నేను సింక్‌లో తోముతాను, ఆరడానికి డిష్‌వాషర్‌లో బోర్లిస్తాను. మన ఇళ్లలో డిష్‌వాషర్ ఎందుకుంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. డ్రయ్యర్ పైభాగం బట్టలు మడతపెట్టుకోవడానికి అనువుగా ఉంటుంది. తడిబట్టలు మాత్రం వేసవిలో ఇంటి వెనక చెక్కల డెక్ మీద కట్టిన తాడు మీద, చలికాలంలో బేస్‌మెంట్‌లో ఆరతాయి. కరెంటు దండగన్న సిద్ధాంతం ఆయనది, చేతులు నావి. దరఖాస్తులో 'ఇంధనం ఆదా చేసినవారు' అన్న గడిలో ఆయన ఏ సంకోచమూ లేకుండా తన పేరు రాసుకున్నారు.

ఏప్రిల్‌లో ఫలితం చెప్పడానికి వీరభద్రం గారు స్వయంగా మా ఇంటికి వచ్చారు.

"భాస్కర్ గారూ, కాలనీ మొత్తంలో మీ కరెంట్ బిల్లే లోయెస్ట్. ఎక్సలెంట్! కానీ పోయినేడాదీ అంతే ఉందండీ. మేం చూసేది రిడక్షన్. మీది జీరో పర్సెంట్."

రాజ్ గారింట్లో చలికాలమంతా, ఎవరూ దిగకపోయినా, పొగలు కక్కే హాట్ టబ్ ఒకటి ఉండేది. ఈసారి దాన్ని ఆపేశారు. వాడకం ముప్పై నాలుగు శాతం తగ్గింది. తగ్గాక కూడా వాళ్ల బిల్లు మా బిల్లుకు మూడు రెట్లుంది కానీ, నిబంధనల ప్రకారం అది అప్రస్తుతం. మేయర్ వచ్చి బోర్డు పాతుతుంటే, "మావారు టబ్‌ని త్యాగం చేశారు," అని రాజ్ గారి భార్య రాధారాణి గారు కళ్లొత్తుకున్నారు. డెక్ మీది తాడు కాలనీ అందానికి భంగం కలిగిస్తోందని మాకు అయిదు మార్కుల కోత కూడా వేశారు.

"నా మాట విని ముందు కాస్త పెంచండి," అని ఫలితం చెప్పిన రోజు వెళ్తూ వెళ్తూ వీరభద్రం గారు హితవు చెప్పారు. "పెరిగితేనే కదండీ తగ్గేది!"

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర మా వారు గొంతు సవరించుకుని నిర్ణయం ప్రకటించారు.

"రేపట్నుంచి ఏడాదిపాటు డిష్‌వాషర్, డ్రయ్యర్, ఏసీ అన్నీ ఫుల్‌గా వాడదాం. ఆ పై ఏడాది అన్నీ ఆపేస్తాం. ఫార్టీ పర్సెంట్ రిడక్షన్! బోర్డు మనదే."

"సో డాడీ, ఎర్త్‌ని సేవ్ చేయడానికి ఫస్ట్ వేస్ట్ చేయాలా?" అంది మా అమ్మాయి హంసిక.

"వన్ ఇయరే కదా బంగారం."

"అన్నీ ఆపేశాక గిన్నెలెవరు తోముతారండీ?" అని అడిగాను.

"నువ్వే. నీకు అలవాటేగా పద్మా."

నేను మజ్జిగ వడ్డిస్తూ ఒక సవరణ ప్రతిపాదించాను. "మొదటి ఏడాదికి నాకేం అభ్యంతరం లేదు. రెండో ఏడాది గిన్నెలూ బట్టలూ మీవి. భూమి అందరిదీ కదండీ."

హంసిక చెయ్యెత్తి బలపరిచింది. ఇద్దరు అనుకూలం, ఒకరు తటస్థం కావడంతో సవరణ నెగ్గింది. భూమిని కాపాడాలన్న మా వారి ఉత్సాహం ఆ పూటే, కంచం ముందు నుంచి లేవకముందే, తొంభై శాతం తగ్గింది. ఇంత పెద్ద రిడక్షన్ మా కాలనీ చరిత్రలోనే లేదు.